చందా పుస్తకం వచ్చిందంటే...

మా వైపు కాలం మారిన సంగతి తెలుసుకోవడానికి పంచాంగం తెరవనక్కరలేదు. వాకిట్లో నలుగురు కుర్రవాళ్ళు నిలబడి వుంటారు. పెద్దవాడి చేతిలో పొడుగుపాటి రసీదు పుస్తకం. రెండోవాడి జేబులో కలం. మూడోవాడి చంకలో సంచీ. నాలుగోవాడు వుత్త చేతులతో వస్తాడు గాని, అసలు మాట్లాడేది వాడే! "సార్! క్రిందటేడు అయిదువందలు రాసినారు. యీసారి పెద్దగా చేస్తున్నాం" అంటాడు. పండుగ పదిహేను రోజుల్లోకి వచ్చిందన్నమాట.

యీ పుస్తకాన్ని చూడగానే గృహస్థులు నాలుగు విధాలుగా ప్రవర్తిస్తారు. మొదటి రకంవారు యివ్వదలచినది ముందే కవరులో పెట్టి వుంచుతారు. వీరు అరుదు. రెండోరకంవారు తమ పేరు రాయడానికి ముందు యెదురింటివారి పేరు పక్కన యెంత వుందో చూసి, ఆ యింటితో వున్న స్నేహాన్నిబట్టి పదో పరకో కలుపుతారు, లేదా తగ్గిస్తారు. మూడోరకంవారు "ఆదివారం రండి నాయనా" అంటారు. ఆదివారంనాడు వూళ్ళో వుండరు. నాలుగోరకంవారు డబ్బు యివ్వరుగాని సలహాలు ధారాళంగా యిస్తారు. మొదటి ముగ్గురి వల్ల పందిరి లేస్తుంది. నాలుగోవారి వల్ల పందిరి క్రింద కబుర్లకు లోటు లేకుండా పోతుంది.

నవ్వులకేం గాని, ఆ రసీదు పుస్తకం తీసిపారేయవలసిన వస్తువు కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ పాలమూరు జిల్లాలోవే. పేర్లు మారినా, ఆఫీసులు వచ్చినా, యిక్కడ జరిగే ఉత్సవాల తీరు మారలేదు. ప్రభుత్వం బస్సులు నడుపుతుంది. దేవాదాయశాఖ తన ఆలయాలను తాను చూసుకుంటుంది. కాని అన్నదానం, చలివేంద్రం, యెద్దుల బండలాగుడు పోటీలు, భజన, నాటకం, వీధి వినాయకుడు - వీటన్నిటి వెనుకా వున్నది జనం చేతి డబ్బే. ఆ డబ్బు యెలా వస్తుంది, యెందుకు వస్తుంది, యే వూళ్ళో రావడం మానేస్తుంది అన్నదే యీ వ్యాసంలో నేను విచారించదలచుకున్నది.

రాబోయే పండుగలు

ముందుగా జాబితా చూద్దాం. తేదీలు యేటేటా మారుతాయి గనుక మాసాలే చెబుతాను.

భాద్రపదంలో వినాయకచవితి. చందా పుస్తకానికి అదే ఉగాది! వీధికొక పందిరి, పందిరికొక సంఘం, సంఘానికొక పుస్తకం. దాని వెనుకే బతుకమ్మ. దానికి చందా లేదు, రసీదు లేదు, అధ్యక్షుడు అసలే లేడు. తంగేడు, గునుగు, బంతి పూలు; పేర్చడానికి తాంబాళం; పాడడానికి గొంతు - అంతే సరంజామా. మనకున్న పండుగలలో కల్లా తక్కువ ఖర్చుతో యెక్కువ మందిని కూడగట్టేది ఆడవాళ్ళ పండుగేనని మగవాళ్ళు వొప్పుకోక తప్పదు. అవే రోజులలో అలంపురంలో జోగులాంబ అమ్మవారికి శరన్నవరాత్రులు. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటి కదా, దూరప్రాంతాలనుంచి కూడా జనం వస్తారు.

కార్తీకంలో కురుమూర్తి జాతర. స్థలం మహబూబ్‌నగర్ జిల్లాలో వున్నా, వనపర్తి జిల్లా ఆత్మకూరుకు ఆ స్వామితో వున్న చుట్టరికం చాలా పాతది. ఆ కథ తర్వాత చెబుతాను. మార్గశిరంలో గద్వాలకు చేరువనున్న మల్దకల్‌లో తిమ్మప్ప బ్రహ్మోత్సవాలు. మల్దకల్‌లో స్వామిమీది గౌరవంతో మేడ మీద మేడ కట్టరని ప్రసిద్ధి.

సంక్రాంతికి కొల్లాపురం దగ్గర సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి జాతర, అచ్చంపేట దగ్గర కొండమీద ఉమామహేశ్వరంలో బ్రహ్మోత్సవాలు. రెండూ నాగర్‌కర్నూలు జిల్లావే. మాఘంలో గద్వాల జమ్ములమ్మ జాతర. మంగళవారాలలో జమ్మిచేడు దారి నేల యీనినట్టు వుంటుంది. ఫాల్గుణంలో వనపర్తి రాజులు కట్టించిన శ్రీరంగాపురం రంగనాయకస్వామికి రథోత్సవం. పక్కన రంగసముద్రం చెరువు, నీళ్ళలో గోపురం నీడ. చైత్ర పౌర్ణమికి నల్లమల లోపల సలేశ్వరం. అక్కడ అర్చకులు చెంచులు. అటవీశాఖ కొద్దిరోజులే దారి తెరుస్తుంది. "వస్తున్నాం లింగమయ్యా!" అంటూ జనం రాళ్ళూ రప్పలూ దాటి లోయలోకి దిగుతారు. ఆ యెండలో దారిపొడుగునా మజ్జిగా, మంచినీళ్ళూ, పులిహోరా పంచేవారు యెక్కడివారు? అచ్చంపేటవారు, కల్వకుర్తివారు, నాగర్‌కర్నూలువారు, యింకా యెక్కడెక్కడివారో. నెలముందునుంచీ బియ్యం, చింతపండు, నూనె పోగుచేసుకున్నవారు.

వీటికి తోడు చాంద్రమానాన్ని అనుసరించి యేటా ముందుకు జరిగే పీర్ల పండుగ వుండనే వుంది. మా పాలమూరు పల్లెల్లో పీరు యెత్తేవారిలో, అలావు చుట్టూ ఆడేవారిలో హిందువులు యెందరో! అలంపురంలో షా అలీ పహిల్వాన్ దర్గా ఉర్సుకూ అంతే. దేవుడు యేవరివాడైనా చందా పుస్తకం మాత్రం అన్ని గడపలూ తొక్కుతుంది.

నూటపదహార్ల సంగతి

మనవారు వంద రాయరు, నూటపదహారు రాస్తారు. వెయ్యి రాయరు, వెయ్యినూటపదహార్లు. ఆ పదహారు యెక్కడిది? నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషువారి కల్దారు వేరు. నూరు కల్దార్లకు మారకం యించుమించు 116 హాలీ రూపాయలు. దానం పుచ్చుకున్నవాడు యెల్ల దాటి వెళ్ళినా అతని చేతిలో నిండుగా నూరు వుండాలని పదహారు కలిపారని పెద్దలు చెప్పడం కద్దు. చరిత్రకారులు వొప్పుకున్నా వొప్పుకోకపోయినా భావం చక్కనిది: యిచ్చేవాడు తన చేతిలోనిది కాక, పుచ్చుకునేవాడి చేతికి చేరేది లెక్క చూడాలి. చందాకు మొదటి నీతి అదే.

రాజులు పెట్టిన ఖర్చు

ఒకప్పుడు మాకు చందాల బెడద లేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం - నాలుగూ సంస్థానాలే. జాతరైనా, రథమైనా, పండిత సభైనా ఖర్చు సంస్థానానిది. తెలుగు చదువుకున్నవాడిని గనుక నాకు "విద్వద్గద్వాల" అన్న మాట వినగానే వొళ్ళు పులకరిస్తుంది. కార్తీక మాఘమాసాలలో గద్వాల కోటలో పండితసభలు జరిగేవి. దూరదేశాలనుంచి కవులు వచ్చి, శాస్త్రచర్చలు చేసి, వార్షికాలు పుచ్చుకుని వెళ్ళేవారు. తిరుపతి వేంకటకవులు గద్వాలా, వనపర్తీ, ఆత్మకూరూ చూసినవారే. కృష్ణ దాటి వచ్చిన కవికి యీ సంస్థానాలు వరసగా మజిలీలు.

1948 సెప్టెంబరులో పోలీసుచర్య. మరుసటి సంవత్సరం జాగీర్ల రద్దు. సంస్థానాల కథ ముగిసింది. రైతుల దృష్టితో చూస్తే అది జరగవలసిన పనే, దానికి విచారించనక్కరలేదు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో యిప్పుడు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు పెట్టుకున్న డిగ్రీ కళాశాల నడుస్తున్నది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలసింది. 1959లో దాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. రాజుల కొలువుల్లో రైతుబిడ్డలు పాఠాలు వింటున్నారు. యింతకంటె మంచి ముగింపు యే కథకు వుంటుంది?

కాని ఒక ప్రశ్న మిగిలింది. రాజు పోయాక రథం యెవరు లాగించాలి? సభ యెవరు పెట్టించాలి?

అలంపురం యిచ్చిన జవాబు

ఆ ప్రశ్నకు జవాబు నాలుగేళ్ళలోనే వచ్చింది. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవాలు అలంపురంలో జరిగాయి. అలంపురం అప్పుడు యెంత వూరు? తుంగభద్ర వొడ్డున చాళుక్యుల గుళ్ళ మధ్య సర్దుకున్న చిన్న వూరు. హోటళ్ళు లేవు, వసతిగృహాలు లేవు. అటువంటి చోటికి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించినది అక్కడే. తెలుగుదేశపు కవులూ పండితులూ ఆ వూరి వీధుల్లో నడిచారు.

యిదంతా భుజాన వేసుకున్నవారు గడియారం రామకృష్ణశర్మ. ఆయన రాజు కాడు, జమీందారు కాడు. శాసనాలు చదువుకునే పండితుడు. తర్వాత ఆయన రాసుకున్న ఆత్మకథ "శతపత్రము"నకు, ఆయన పోయిన తర్వాత, కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. అటువంటి వ్యక్తి పూనుకుంటే వూరు కదిలింది. ఒక సంస్థానం చేయగలిగిన పని ఒక వూరు చేయగలదని అలంపురం చూపించింది. నాకు తెలిసినంతలో మా ప్రాంతంలో ప్రజల ఉత్సవానికి శంకుస్థాపన అదే.

దానికి ముందడుగు కూడా మావారే వేశారు. యిటిక్యాలపాడు వాస్తవ్యులు సురవరం ప్రతాపరెడ్డిగారు తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో "గోలకొండ కవుల సంచిక" వెలువరించారు. వూరూరినుంచీ పద్యాలు తెప్పించి 354 మంది కవులను ఒక పుస్తకంలో కూర్చోబెట్టారు. అదీ చందా వసూలే! డబ్బుల చందా కాదు, పద్యాల చందా. పెద్ద పండితుడి పద్యమూ, యెవరికీ తెలియని పల్లెటూరి కవి పద్యమూ ఆ పుస్తకంలో పక్కపక్కన వున్నాయి. యిచ్చినవారందరి పేర్లూ అచ్చులో వున్నాయి. యీ ఆఖరి మాట జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ అవసరం పడుతుంది.

చెప్పు కుట్టే చెయ్యి, పంచె నేసే చెయ్యి

యిక కురుమూర్తి కథ. ఆ జాతరకు ఆయువుపట్టు ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామివారి పాదుకలు. వాటిని వడ్డెమాన్ గ్రామంలో చర్మకారులు ఉపవాసాలుండి, నియమంతో తయారుచేస్తారు. వాటిని బండిమీద పెట్టి వూరేగిస్తుంటే దారికి రెండువైపులా జనం చేతులు జోడించి నిలబడతారు. కొండదగ్గర ఉద్దాల మండపంలో ఆ పాదుకలతో భక్తుల తలను తాకించేవారు దళితులే. స్వామి ఆభరణాలు ఆత్మకూరునుంచి వస్తాయి. తళియకుండ కుమ్మరి చేతినుంచి వస్తుంది.

చూశారా, పంపకం! రాజవంశం నగలు యిచ్చింది. కుమ్మరి కుండ యిచ్చాడు. చర్మకారుడు పాదుకలు యిచ్చాడు. మూడింటిలో యే ఒక్కటి రాకపోయినా జాతర సాగదు. నిజానికి జనం యెగబడేది నగలకోసం కాదు, పాదుకలకోసం. మిగతా సంవత్సరమంతా యే చేతిని దూరం పెట్టిందో, ఆ చేతిముందే సంఘం ఆ రోజు తలవంచుతుంది. ఆ ఒక్కరోజు వినయం మూడువందల అరవయ్యయిదు రోజులకూ పాకాలని కోరుకోవలసిందే. కాని ఆ రోజు వున్నందుకు కూడా సంతోషించాలి.

గద్వాలలో నేతగాళ్ళకు యిటువంటి గౌరవమే వుంది. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు యేటా గద్వాలనుంచి యేరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానంవారి కాలంనుంచీ వస్తున్న కానుక అది. వెడల్పాటి అంచులో కోటకొమ్ముల వరస. ఒక్కరితో అయ్యే నేత కాదు. పలువురు నేతగాళ్ళు దీక్షపట్టి, ఒకే మగ్గం దగ్గర కలిసి నేస్తారు. సంస్థానం పోయింది, కోట కళాశాల అయింది. పంచెలు మాత్రం ఆగలేదు. యెందుకంటే కానుక పేరు సంస్థానానిదైనా, చెయ్యి నేతగాడిది. పేరుకంటె చెయ్యి యెక్కువకాలం బతుకుతుంది.

మన చందా పుస్తకాలలో యీ చేతులకు చోటు వుందా? వెయ్యినూటపదహార్లు యిచ్చిన వర్తకుడి పేరు మైకులో మూడుసార్లు వినిపిస్తుంది. మూడురోజులు కూలి మానుకుని పందిరి వేసినవాడి పేరు, తెల్లవారుజామున లేచి వంద కిలోల బియ్యం కడిగిన అక్కల పేర్లు ఆ పుస్తకంలో వుండవు. అవికూడా చందాయే కదా! రూపాయల్లోకి మార్చి చూడండి. చాలామంది దాతలకంటె వారిదే పైచెయ్యి అవుతుంది.

లడ్డు పాట

యీమధ్య మా వైపు చందాను మించిన ఆదాయం ఒకటి వచ్చింది: వినాయకుడి లడ్డు వేలంపాట. వేడుకను 1893లో పూనాలో బాలగంగాధర తిలకుగారు వీధికెక్కించారు. లడ్డును వేలానికెక్కించిన ఖ్యాతి మాత్రం హైదరాబాదు శివారు బాలాపూరుది. 1994లో అక్కడ లడ్డు 450 రూపాయలకు పోయింది. 2024లో అదే పాట 30 లక్షల 1 వెయ్యి రూపాయలు పలికింది. ఆ డబ్బుతో వూరికి పనులు చేసుకుంటున్నారు. బాగానే వుంది. కాని దాన్ని చూసి యిప్పుడు ప్రతి పట్టణంలో, ప్రతి వీధిలో లడ్డు పాట మొదలయింది.

పాటలో యిబ్బంది యేమిటంటే, నిమజ్జనంనాటి హుషారులో పాడిన మొత్తం చాలాచోట్ల మరుసటేటి పండుగనాటికి కట్టవలసినది. చప్పట్లు అప్పటికప్పుడే పడతాయి. డబ్బు తర్వాత పడుతుంది. ఆ నడుమ పన్నెండు నెలలున్నాయి. పంట పండకపోవచ్చు, వ్యాపారం దెబ్బతినవచ్చు, మాట పట్టింపులు రావచ్చు. పద్దులో మాత్రం ఆ మొత్తం వచ్చినట్టే నిలిచి వుంటుంది. అంతేకాదు, ఒక్కరు లక్ష పాడినచోట వందమంది నూటపదహార్లు చిన్నబోతాయి. "మనదేముంది, లడ్డు పాడినాయనే చూసుకుంటాడులే" అన్న భావం వచ్చిందంటే పండుగ మళ్ళీ సంస్థానం చేతిలోకి వెళ్ళినట్టే. ఆ పాత సంస్థానాధీశుడికి శాస్త్రజ్ఞానమైనా వుండేది!

గృహిణి అడిగిన ప్రశ్న

రెండేళ్ళ క్రిందట మా వీధి కుర్రవాళ్ళు పుస్తకం పట్టుకువస్తే మా ఆవిడ తలుపు తీసింది.

"యేం నాయనా, క్రిందటేటి లెక్క యేదీ?" అన్నది.

కుర్రవాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

"పుస్తకం అధ్యక్షుడన్న దగ్గరుందమ్మా."

"అన్న యెక్కడున్నాడు?"

"హైదరాబాదులో వున్నాడమ్మా. వుద్యోగం వచ్చింది."

"సంతోషం. మరి పుస్తకానికి కూడా వుద్యోగం వచ్చిందా?"

పిల్లలు నవ్వేశారు. వారిలో దొంగ యెవరూ లేడు. నేను పాఠం చెప్పిన పిల్లలే యిద్దరున్నారు వారిలో. డబ్బు తిన్నవాడూ లేడు. లెక్క రాయడం యెవరి పనో యెవరికీ తెలియదు, అంతే. ఆవిడ చందా యిచ్చింది, షరతు పెట్టింది. నిమజ్జనం మరునాడు లెక్క కాగితం పందిరి గుంజకు అంటించాలన్నది. అంటించారు. వచ్చినది యింత, విగ్రహానికి యింత, మైకుకు యింత, పూలకు యింత, మిగిలినది యింత. క్రింద యిద్దరి సంతకాలు. ఆ కాగితం దగ్గర మూడురోజులు జనం ఆగి చదివారు. "మైకుకు యింతెందుకయ్యా?" అని అడిగినవారు అడిగారు. నిరుడు మళ్ళీ పుస్తకం వచ్చినప్పుడు "ఆదివారం రండి" అన్న యిల్లు మా వీధిలో ఒకటో రెండో!

యిందులో ఆశ్చర్యం లేదు. మనిషికి డబ్బు పోతుందన్న బాధకంటె, తనను అమాయకుణ్ణి చేశారేమోనన్న అనుమానం పెద్దది. లెక్క చదివితే ఆ అనుమానం పోతుంది.

న్యూయార్కులో నిలిచిన విగ్రహం

యీ మాట మా వీధికే కాదు, న్యూయార్కు మహానగరానికీ వర్తించింది. స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని ఫ్రాన్సు ప్రజలు కానుకగా యిచ్చారు. దాన్ని నిలబెట్టడానికి పీఠం కట్టవలసినది అమెరికావారు. 1885లో డబ్బు చాలక ఆ పని ఆగిపోయింది. కోటీశ్వరులు వున్న నగరమే! అప్పుడు జోసెఫ్ పులిట్జర్ అనే పత్రికాధిపతి తన "వరల్డ్" పత్రికలో చందా మొదలుపెట్టాడు. యెంత చిన్న మొత్తం యిచ్చినా సరే, యిచ్చినవారి పేరు పత్రికలో అచ్చువేస్తానన్నాడు. కొద్ది నెలలలో లక్ష డాలర్లకు పైగా వచ్చింది. యిచ్చినవారు లక్షమందికి పైబడే; వారిలో చాలామంది ఒక్క డాలరు కూడా యివ్వలేనివారు. పిల్లలు దాచుకున్న పైసలు పంపారు. 1886లో విగ్రహం నిలిచింది.

పులిట్జరు చేసిన చమత్కారం యేమీ లేదు. చిన్న మొత్తానికి పెద్ద మొత్తంతో సమానమైన గౌరవం యిచ్చాడు, పేరు అచ్చువేశాడు. సురవరంవారి సంచికలో పేర్లన్నీ అచ్చులో వున్నాయన్నాను గదా, దాన్నే జ్ఞాపకం పెట్టుకోమన్నాను.

చందా అలవాటు యెందుకు కావాలి?

"పండుగలకు యింత రాద్ధాంతమా?" అని కొందరు పెద్దలు అడగవచ్చు. వారికి 2009 అక్టోబరు మొదటివారం జ్ఞాపకం చేస్తాను. తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగాయి. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది. నేతగాళ్ళ వూరు రాజోలి యిళ్ళకు యిళ్ళే కోల్పోయింది. మగ్గం గుంటలలో బురద, నూలు బురద, పట్టు బురద. యేళ్ళతరబడి కూడబెట్టుకున్నది ఒక్క రాత్రిలో పోయింది. అప్పుడు ప్రభుత్వ సహాయం కంటె ముందు చేరినవి చుట్టుపక్కల వూళ్ళ అన్నం మూటలు. వందలమందికి వండే గుండిగలు యెక్కడున్నాయో, పొయ్యి యెవరు తవ్వగలరో, బియ్యం యెవరింట అడిగితే కాదనరో వారికి ముందే తెలుసు. యెలా తెలుసు? యేటా జాతరలకు వండి వండి! పండుగ చందా అంటే కష్టకాలానికి కవాతు. కవాతు చేయని సైన్యం యుద్ధంలో నిలవదు.

మంచికాలంలో కూడా ఆ అలవాటు పనికివస్తుంది. నాగర్‌కర్నూలుకు చేరువనున్న పాలెం వెళ్ళి చూడండి. జనం పాలెం సుబ్బయ్య అని పిలుచుకునే తోటపల్లి సుబ్రహ్మణ్యశర్మగారి పూనికతో వేంకటేశ్వరుని గుడితోపాటు విద్యాలయాలు వెలిశాయి. అక్కడి ప్రాచ్య కళాశాలలో చదివి తెలుగు పంతుళ్ళయినవారు మా ప్రాంతంలో యెందరో. గుడికి వచ్చిన భక్తి బడిదాకా నడిచింది. లడ్డు పాట పాడేవారు ఒక్కసారి పాలెం చూసివస్తే, ఆ డబ్బు యెంతదూరం వెళ్ళగలదో వారికి తెలుస్తుంది.

నాలుగు చిన్న పనులు

ఉపన్యాసం యిచ్చే అలవాటున్న వృత్తి నాది. అయినా నాలుగు మాటలతో ఆపుతాను. రాబోయే పండుగకు పుస్తకం అచ్చువేయించే సంఘాలవారు వీటిని ఆలోచించాలి.

ఒకటి: పుస్తకం మొదటి పేజీలోనే క్రిందటేటి లెక్క వుండాలి. అది లేని పుస్తకం గడప దాటరాదు.

రెండు: పుస్తకంలో మూడు పద్దులుండాలి - డబ్బు, వస్తువు, శ్రమ. బియ్యం యిచ్చిన యిల్లూ, పందిరి వేసిన చెయ్యీ, అంట్లు కడిగిన తల్లీ అందులో యెక్కాలి. ఆఖరిరోజు మైకులో మూడూ చదవాలి. మొత్తాలు చదవనక్కరలేదు; పేర్లు చదివితే చాలు.

మూడు: లడ్డు పాట పెట్టుకునేవారు నగదు చేతికి వచ్చాకే పద్దు వేయాలి. రానిదాన్ని రానిదనే రాయాలి.

నాలుగు: వచ్చినదానిలో పదోవంతు పండుగ తర్వాత కూడా మిగిలివుండే పనికి పెట్టాలి. వీధిబడికి బల్లలు, గ్రంథాలయానికి పుస్తకాలు, చలివేంద్రానికి తొట్టి - యేదైనా సరే, మరుసటేడు చందా అడిగేటప్పుడు వేలు పెట్టి చూపించగలిగినది.

వీటికి చట్టం అక్కరలేదు, ఆఫీసు అక్కరలేదు. గడపలో నిలబడి "క్రిందటేటి లెక్క యేదీ?" అని అడిగే గృహిణులు వీధికి నలుగురు చాలు.

2028లో బృహస్పతి కన్యారాశిలో ప్రవేశిస్తాడు. కృష్ణకు పుష్కరాలు వస్తాయి. 2016 ఆగస్టులో బీచుపల్లిలో, రంగాపురంలో, సోమశిలలో జనం యెలా దిగారో చూసినవారికి రాబోయేది యెంత పెద్దదో తెలుసు. రేవులు ప్రభుత్వం కడుతుంది. రేవు పైన అన్నం పెట్టవలసినవారు, దారి చూపవలసినవారు, తప్పిపోయిన పిల్లను తల్లి చేతికి అప్పగించవలసినవారు మనమే. దానికి పుస్తకాలు తొందరలోనే అచ్చవుతాయి. రాజులు లేని వూళ్ళలో ఉత్సవాలు యింతకాలం నిలిచినది యిచ్చే చేతుల వల్ల. యికముందు నిలవవలసినది రాసే చేతుల వల్ల. లెక్క చక్కగా రాయండి. నది అందరిదీ అయినట్టే పుణ్యమూ అందరి పేరనా వుంటుంది.